41 కిలోల కుక్క, నల్లటి గోళ్లు: ఇంట్లో తీయాలా, గ్రూమర్‌కు అప్పగించాలా?

బ్రూనో ఆరేళ్ల మగ జర్మన్ షెపర్డ్. (పేరు మార్చాను.) బరువు 41 కిలోలు, దాని ఎముకల కట్టుకు నాలుగైదు కిలోలు ఎక్కువే. గోళ్లన్నీ నల్లనివి. రెండు నెలలకోసారి గోళ్లు తీస్తున్న గ్రూమర్ (కుక్కలకు స్నానం, బొచ్చు, గోళ్ల పని చేసే మనిషి) ఇక తన వల్ల కాదని చెప్పాక ఆ కుటుంబం పశువైద్యం చేసే నా దగ్గరికి వచ్చింది. చివరిసారి వెనక ఎడమ కాలు ఎత్తగానే బ్రూనో గిర్రున తిరిగి ఆయన చేతిని నోట పట్టింది. పన్ను దిగలేదు. ఆయన అక్కడితో ఆపి, మిగిలిన గోళ్లు అలాగే వదిలేసి కుక్కను ఇంటికి పంపించారు. ఆయన చేసింది సరైన పని. ఇంకో ఇద్దరిని పిలిచి అదిమి పట్టి పూర్తిచేసి ఉంటే ఈ కేసు మరింత కష్టమయ్యేది.

ఇంట్లో ముగ్గురు: తండ్రి, తల్లి, కాలేజీలో చదివే కూతురు. వాళ్ల ప్రశ్న ఇది: "డాక్టర్ గారూ, ఇకమీద మేమే ఇంట్లో తీయాలా, ఇంకో గ్రూమర్‌ని చూసుకోవాలా, లేకపోతే ప్రతిసారీ మత్తు ఇప్పించి తీయించాలా?" పెద్ద కుక్కలను పెంచేవాళ్లు చాలామంది ఇదే ప్రశ్నతో వస్తారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెద్ద కుక్కకు గోళ్ల పని ప్రధానంగా ఇంట్లోనే జరగాలి, గ్రూమరూ ఆసుపత్రీ దానికి అండగా ఉండాలి. అయితే కుక్క దేనికి ఎదురుతిరుగుతోందో తెలుసుకోకుండా గోళ్లు కత్తిరించే క్లిప్పర్ ఎవరి చేతికిచ్చినా లాభం లేదు. బ్రూనో విషయంలో మొదటి సంప్రదింపు మొత్తం ఆ సంగతి తేల్చడానికే సరిపోయింది.

పూర్వాపరాలు

పిల్లగా ఉన్నప్పుడు బ్రూనో పాదాలను పట్టుకుని అలవాటు చేసినవారు లేరు. దానికి ఏడాది వయసు వచ్చాక తండ్రి గిలటిన్ రకం కట్టర్ కొన్నారు. గోటిని రంధ్రంలోకి దూర్చి పిడి నొక్కితే బ్లేడు జారి కోసే రకం అది. చిన్న కుక్కలకు బాగానే పనికొస్తుంది. జర్మన్ షెపర్డ్ గోరులాంటి మందపాటి గోటిని మాత్రం అది కోసేముందు నలుపుతుంది. బ్లేడు మొద్దుబారితే మరీను. ఆ నలుగుడుకే కుక్క కాలు లాక్కుంటుంది, అప్పుడే కోత పక్కకు పోతుంది. ఇక్కడా అదే జరిగింది, రక్తం వచ్చింది. మరుసటిసారి ఒకరు పట్టుకుంటే ఒకరు కత్తిరించారు. ఆపైన ముగ్గురూ కలిసినా చాలలేదు. నలభై కిలోల జంతువును బలంతో గెలవగల కుటుంబం ఉండదు. ఒకటి రెండుసార్లు గెలిచినట్టు కనిపించినా, దాని ఫలితాన్ని తర్వాతి ఏళ్లలో అనుభవించాల్సి వస్తుంది.

తర్వాత గ్రూమర్. అక్కడ ఎత్తైన బల్ల, మెడకు తాడు ఉచ్చు, ఇద్దరు మనుషులు. మూడేళ్లు పెద్దగా గొడవ లేకుండానే గడిచింది. "వాడు సర్దుకున్నాడనే అనుకున్నామండీ," అన్నారు తల్లి. అప్పట్లో కూతురు ఫోనులో తీసిన వీడియో ఒకటి ఉంటే చూశాను. నోరు గట్టిగా మూసి ఉంది. కంటి అంచున తెల్లభాగం కనిపిస్తోంది. నాలుక మాటిమాటికీ ముక్కును తాకుతోంది. తనకెంతో ఇష్టమైన మాంసం ముక్క మూతి ముందు పెట్టినా అటు చూడటం లేదు. అది సర్దుకున్న కుక్క కాదు, కొయ్యబారిపోయిన కుక్క. భయంతో బిగుసుకుపోయిన కుక్క కదలకుండా ఉంటుంది కాబట్టి పని సులువుగా అయిపోతుంది. ఆ సులువును చూసి ఎందరో పొరబడతారు.

అయితే భయం ఒక్కటే కారణమైతే ఒక ప్రశ్నకు జవాబు దొరకదు. గ్రూమర్ అదే మనిషి, కట్టర్ అదే, బల్ల అదే. గత ఆరు నెలల్లో ముందుకాళ్ల విషయంలో మార్పేమీ లేదు, వెనక కాళ్లు ముట్టుకుంటేనే గొడవ. అందులోనూ ఎడమ కాలు. భయం అలా ఒక కాలును ఎంచుకోదు. నొప్పి ఎంచుకుంటుంది.

పరీక్షలో కనిపించినవి

కుక్కను ముట్టుకోకముందు కాసేపు నేల మీద నడిపించి చూశాను. నున్నటి గచ్చు మీద ప్రతి అడుగుకూ టకటక శబ్దం. చదునైన నేల మీద కుక్క నిలబడినప్పుడు గోళ్లు నేలను తాకకూడదు, లేదా తాకీ తాకనట్టు ఉండాలి. బ్రూనో ముందుకాళ్లలో గోళ్లు నేలకు ఆని వేళ్లను పైకి నెడుతున్నాయి. వేళ్లు ఎడంగా విచ్చుకున్నాయి. అరికాలి మెత్తలు నేలను సరిగా పట్టకపోవడంతో మలుపు దగ్గర జారుతోంది. వెనక అడుగులు పొట్టిగా పడుతున్నాయి, నడుము అటూ ఇటూ ఊగుతోంది.

తర్వాత గోళ్లను ఒక్కొక్కటిగా చూశాను. నేను నేర్పే విద్యార్థులకు గోళ్లు ఎంత పొడుగున్నాయన్నది కాక ఎలా అరిగాయన్నది చూడమని చెబుతాను. బ్రూనో కుడి వెనక కాలి గోళ్లు నడకలో సహజంగా అరిగి పొట్టిగా, మొనలు మొద్దుగా ఉన్నాయి. ఎడమ వెనక కాలివి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు, మొనలు కొక్కెంలా వాడిగా ఉన్నాయి. ఒకే కుక్క, ఒకే నేల, ఒకే నడక. ఎడమ కాలి మీద బరువు తక్కువ వేస్తోంది కాబట్టే అవి అరగలేదు. గోళ్లు పైవైపున, అంటే వీపుభాగంలో గీసుకుపోయి ఉంటే వేరే అనుమానం రావాలి. కుక్క పాదాన్ని ఈడుస్తోందని, నరాల సమస్య కావచ్చని అర్థం. ఈ జాతిలో వెన్నుపాము క్షీణించే డీజెనరేటివ్ మైలోపతి కనిపిస్తుంది కనుక ఆ పరీక్ష తప్పనిసరిగా చేస్తాను. పాదాన్ని మడిచి వేళ్ల పైభాగం నేలకు ఆనేలా పెడితే బ్రూనో రెండు కాళ్లనూ వెంటనే సరిచేసుకుంది. నరాలు బాగానే ఉన్నాయి.

గోటి మొదళ్లలో వాపు, చీము, దుర్వాసన లేవు. గోళ్లు చీలడం, ఊడటం లేదు. ఇది ఎందుకు చూడాలంటే, జర్మన్ షెపర్డ్‌లలో రోగనిరోధక శక్తి తన గోళ్ల మొదళ్ల మీదే దాడిచేసే లూపాయిడ్ ఆనికోడిస్ట్రఫీ అనే జబ్బు ఉంది. ఒకదాని తర్వాత ఒకటి, వేర్వేరు పాదాల్లో గోళ్లు వదులై ఊడిపోతాయి. విపరీతమైన నొప్పి. ఒకే ఒక్క వేలు వాచి తగ్గకుండా ఉంటే, ముఖ్యంగా నల్లటి పెద్ద జాతి కుక్కల్లో, గోటి మొదలులో వచ్చే స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్‌ను గుర్తుంచుకోవాలి. ఇలాంటి వేలి మీద క్లిప్పర్ పెట్టకూడదు, ఇంట్లోనైనా గ్రూమర్ దగ్గరైనా.

ఇంట్లోవాళ్లు అసలు గమనించనిది ఒకటి ఉంది. ముందుకాళ్ల లోపలివైపు, పాదానికి పైన ఉండే డ్యూక్లా గోళ్లు. అవి నేలను తాకవు, అరగవు. బొచ్చు చాటున ఎడమది చుట్టు తిరిగి మొన చర్మానికి ఆనుతోంది. ఇంకొన్ని వారాలైతే గుచ్చుకుని పుండు పడేది.

చివరగా తుంటి. వెనక ఎడమ కాలిని మెల్లగా వెనక్కి సాచాను. దాదాపు గ్రూమర్ గోరు తీయడానికి కాలు పట్టుకునే భంగిమే అది. అప్పటిదాకా నాలుక బయటపెట్టి వగరుస్తున్న కుక్క ఠక్కున నోరు మూసింది, తల నా చేతివైపు తిప్పింది. నేను వదిలేశాను. ఇంకాస్త సాచి రుజువు చేసుకోవాల్సిన అవసరం లేదు. మత్తు ఇచ్చి తీసిన ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లలోనూ అరుగుదల కనిపించింది, ఎడమవైపు ఎక్కువ. వంశపారంపర్యంగా సంక్రమించి, ఎదిగే వయసులో ఏర్పడే కీలు వదులు, అంటే హిప్ డిస్ప్లేసియా, ముదిరి ఆర్థ్రైటిస్‌గా మారింది.

గ్రూమర్ బల్ల మీద రెండు నెలలకోసారి ఆ కాలిని పక్కకు లాగి, పైకెత్తి నిమిషాలకొద్దీ పట్టుకున్నారు. అక్కడ తప్పు ఎవరిదీ కాదు. గ్రూమర్ కీలును పరీక్షించలేరు, ఇంట్లోవాళ్లకు అది కుంటినట్టు కనిపించలేదు. బ్రూనో మాత్రం తనకు తెలిసిన భాషలో చెబుతూనే వచ్చింది.

మత్తులో ఉండగా చేసిన పని, చేయని పని

ఎక్స్‌రే కోసం ఎలాగూ మత్తు ఇచ్చాం కనుక రెండు డ్యూక్లా గోళ్లనూ, మిగతా గోళ్ల మొనలనూ అప్పుడే తీశాను. గోళ్లన్నీ ఒక్కసారిగా మొదలుదాకా కోసి, రక్తం వచ్చినచోట కాల్చి ఆపే పద్ధతి ఒకటుంది. తండ్రి అదే అడిగారు: "ఒకేసారి పొట్టిగా చేసేయండి, మళ్లీ మళ్లీ ఎందుకు?" నేను ఒప్పుకోలేదు. మత్తులో ఉన్న కుక్కకు ఆ క్షణాన తెలియదు కానీ, కోసిన చోట నరాలున్న కణజాలం బయటపడి కొన్ని రోజులు ప్రతి అడుగుకూ సలుపుతుంది. అప్పటికే తుంటి నొప్పితో నడిచే కుక్కకు నాలుగు పాదాల్లోనూ నొప్పి పెట్టడాన్ని నేను వైద్యం అనలేను.

ఎందుకు ఒక్కసారిగా కుదరదో అర్థం కావాలంటే గోటి లోపలి సంగతి తెలియాలి. కుక్క గోరు బయట గట్టి కెరటిన్ తొడుగు. లోపల, పెన్సిల్‌లో సీసంలా, రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తటి భాగం ఉంటుంది. దాన్నే క్విక్ అంటారు. గోరు పెరిగేకొద్దీ క్విక్ కూడా దానితోపాటు ముందుకు సాగుతుంది. అందుకే చాలాకాలం వదిలేసిన గోటిని పొట్టిగా కోసే వీలుండదు, కోస్తే రక్తమే. అయితే మొనను కొంచెం కొంచెంగా, తరచుగా తీస్తూ ఉంటే క్విక్ కొన్ని వారాల్లో వెనక్కి తగ్గుతుంది. గోరు వారానికి సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎనిమిది వారాలకోసారి తీస్తే ఆ లోపు పెరిగినదాన్ని తీయడమే అవుతుంది, క్విక్ ఉన్నచోటనే ఉంటుంది. వారం, పది రోజులకోసారి పల్చటి పొర తీస్తే గోరు నిజంగా పొట్టిదవుతుంది.

ఇంటి పక్షాన నేను నిలబడేది ప్రధానంగా ఈ లెక్క వల్లే. గ్రూమర్‌కు నైపుణ్యం ఎక్కువ, మంచి పరికరాలున్నాయి, రోజూ ఎన్నో కుక్కల గోళ్లు చూస్తారు. నల్ల గోటిలో ఎక్కడ ఆపాలో చాలామంది యజమానులకన్నా వాళ్లకే బాగా తెలుసు. కానీ వారం వారం ఒక పెద్ద కుక్కను కారెక్కించి, కొత్త వాసనల మధ్య, ఇతర కుక్కల అరుపుల మధ్య, రెండు గోళ్ల కోసం గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు ఉండరు. పైగా అక్కడ సమయం తక్కువ. కుక్క ఈరోజు ఒక్క గోరే ఇస్తానంటే ఒక్కటే తీసి పంపే వెసులుబాటు అక్కడ ఉండదు. ఇంట్లో ఉంటుంది.

ప్రతిసారీ మత్తు అన్న మూడో మార్గాన్నీ కొట్టిపారేయను. కొన్ని కుక్కలకు అదే దయ. ఇంటి దగ్గర నుంచి బయలుదేరే ముందు గాబాపెంటిన్, ట్రాజోడోన్ వంటి మందులు పశువైద్యులు రాసిన మోతాదులో ఇస్తే భయం తగ్గి శిక్షణే సులువవుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఏసీప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే ఇచ్చి గోళ్లు తీయించే పాత అలవాటు మానాలి. అది కదలికను తగ్గిస్తుంది, భయాన్ని తగ్గించదు. కుక్క లోపల వణుకుతూనే పడి ఉంటుంది.

ఇంట్లో జరిగిన పని

మొదటి కొన్ని వారాలు వెనక కాళ్లను ఎవరూ ముట్టుకోవద్దన్నాను. ముందు నొప్పికి మందు, కుక్కలకు వాడే స్టెరాయిడ్ రహిత నొప్పి నివారిణి, రక్తపరీక్ష చేశాక. మనుషుల ఇబుప్రోఫెన్, పారాసెటమాల్ కుక్కకు వేయకూడదని ఆ ఇంట్లో ముగ్గురికీ విడివిడిగా చెప్పాను. అవి కుక్కలకు విషంగా మారగలవు. తిండి కొలత తగ్గించాం. నున్నటి నేల మీద జారకుండా పరుపులు వేశారు.

ఆ వ్యవధిలో ముందుకాళ్లకు గీకుడు పలక మొదలుపెట్టాం. పెద్ద కుక్కలకు నేను తరచుగా చెప్పే ఉపాయం ఇది, అయినా చాలామందికి తెలియదు. అడుగున్నర వెడల్పు చెక్కపలక మీద 80 నంబరు గరుకు కాగితం అతికించి, ఏటవాలుగా పట్టుకుంటే కుక్క ముందుపాదంతో దాన్ని గీకుతుంది. పలక కింద మాంసం ముక్క దాచి చూపితే, దాన్ని తీయాలన్న ఆత్రంతో మొదటి గీకుడు దానంతటదే వస్తుంది. వెంటనే బహుమతి. కూతురు ఇది నేర్పింది. బ్రూనో దాన్ని ఆటగానే నేర్చుకుంది. ఎవరూ పాదం పట్టుకోనక్కర్లేదు, కుక్క తన గోరు తానే అరగదీసుకుంటుంది. లోపం ఏమిటంటే మధ్య రెండు గోళ్లు ఎక్కువ అరుగుతాయి, పక్కవి తక్కువ, డ్యూక్లా అసలు అరగదు. మెత్తలు గీరుకుపోకుండా రోజూ చూడాలి, ఒక విడతకు కొద్ది గీకుళ్లు చాలు.

క్లిప్పర్ శిక్షణలో తండ్రికీ నాకూ వాదం జరిగింది. నేను పెట్టిన నియమం ఇది: బ్రూనో గడ్డాన్ని పొట్టి పీట మీద ఆనిస్తే పని సాగుతుంది, గడ్డం ఎత్తితే అందరి చేతులూ వెనక్కి రావాలి. బతిమాలడం లేదు, పట్టుకోవడం లేదు. "వాడు చెప్పినప్పుడల్లా ఆపుతూ పోతే ఎప్పటికయ్యేను డాక్టర్ గారూ?" అని అడిగారాయన. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆపమంటే ఆపుతారని తెలిసిన కుక్క కరవాల్సిన అవసరం పడదు. గ్రూమర్ దగ్గర బ్రూనో ముఖం తిప్పింది, పెదవులు నాకింది, కాలు లాక్కుంది, గుర్రుమంది. అవేవీ పనిచేయకపోతేనే నోరు వాడింది. ముందున్న చిన్న సైగకే విలువ దొరికితే ఆ మెట్లన్నీ ఎక్కే పని ఉండదు. నాలుగైదు రోజులు గడిచేసరికి గడ్డం ఎత్తడం తగ్గింది. పీట వేయగానే తనే వచ్చి గడ్డం పెట్టడం మొదలైంది. అది చూశాక ఆయన మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

మెట్లు చిన్నవి. తుంటి నుంచి చెయ్యి కిందికి జార్చి పాదం దాకా రావడం, ముక్క ఇవ్వడం. క్లిప్పర్ చూపడం, ముక్క ఇవ్వడం. ఎండు పుల్లను క్లిప్పర్‌తో కత్తిరించి ఆ చప్పుడు వినిపించడం, ముక్క ఇవ్వడం. క్లిప్పర్‌ను గోటికి ఆనించి తీసేయడం. ఇక్కడ వరుస చాలా ముఖ్యం: క్లిప్పర్ ముందు కనిపించాలి, ఆ తర్వాతే తిండి రావాలి. చాలా ఇళ్లలో ముందు తినిపిస్తూ దొంగచాటుగా క్లిప్పర్ బయటికి తీస్తారు. రెండు మూడుసార్లకే కుక్కకు అర్థమైపోతుంది. ఆపైన తిండి చూస్తేనే పారిపోతుంది.

కాలు పట్టుకునే తీరు మార్చాం. బ్రూనోను బల్ల ఎక్కించేది లేదు. నేల మీద దళసరి పరుపు, దాని మీద కుడివైపుకు ఒరిగి పడుకోవడం. అలా పడుకుంటే ఎడమ వెనక కాలు పైన ఉంటుంది, ఎత్తాల్సిన పని లేదు, ఉన్నచోటే వేలు పట్టుకోవచ్చు. నిలబడి ఉన్నప్పుడు తీయాల్సి వస్తే కాలిని పక్కకు లాగకుండా, నేల నుంచి కొద్దిగా మాత్రమే ఎత్తి, శరీరం గీతలోనే ఉంచి మడవాలి. కీళ్ల నొప్పి ఉన్న ఏ పెద్ద కుక్కకైనా ఇదే వర్తిస్తుంది. తుంటి ఆరోగ్యంగా ఉన్న కుక్కకూ కాలు పక్కకు లాగితే అసౌకర్యమే.

పరికరం కత్తెర తీరులో రెండు బ్లేడ్లు కలిసే పెద్ద క్లిప్పర్, కొత్త పదును. తిరిగే గ్రైండర్ కూడా మంచిదే, గోటి అంచులు నున్నగా వస్తాయి, ఒక్క దెబ్బకు క్విక్ తెగే ప్రమాదం తక్కువ. కానీ ఒకేచోట రెండు మూడు సెకన్లకు మించి ఆనిస్తే వేడెక్కుతుంది, పొడవాటి బొచ్చు చుట్టుకుంటుంది. మోత అంటే బ్రూనోకు ముందునుంచీ భయం కనుక గ్రైండర్ జోలికి పోలేదు.

నల్ల గోటిలో ఎక్కడ ఆపాలన్నది అందరినీ భయపెట్టే సంగతి. తల్లికి దీన్ని చేతిలో చెయ్యి వేసి నేర్పాను. మిల్లీమీటరు మించకుండా పల్చటి పొర తీయాలి, తీసిన ప్రతిసారీ కోసిన ముఖాన్ని మంచి వెలుతురులో చూడాలి. మొదట్లో అది పొడిగా, పొడిపొడిగా, తెల్లగానో బూడిద రంగులోనో ఉంటుంది. ఇంకా లోపలికి వెళ్లేకొద్దీ మధ్యలో ముదురు చుక్క ఒకటి కనిపిస్తుంది, దాని చుట్టూ నిగనిగలాడే తేమ. అక్కడ ఆపాలి. ఆ చుక్క క్విక్‌కు సరిగ్గా ముందున్న భాగం. ఆవిడ మొదటి గోటిని అంత మెల్లగా తీశారు, నాలుగో పొర దగ్గర చుక్క కనిపించగానే "ఇదేనా?" అని నా వైపు చూశారు. అదే. ఇంటిల్లిపాదిలో క్లిప్పర్ ఆవిడ చేతిలోనే ఉండాలని ఆ రోజే తేలిపోయింది. కూతురు ముక్కలు ఇవ్వడం, తండ్రి వెలుతురు పట్టడం. వంతులు మార్చుకోవద్దన్నాను. కుక్కకు ఏ చెయ్యి ఏం చేస్తుందో తెలిసి ఉండాలి.

రక్తం వచ్చిన రోజు

రెండో నెలలో ముందు కుడికాలి బయటి గోటిలో క్విక్ తెగింది. ఫోను వచ్చేసరికి ఇంట్లో కంగారు, గచ్చు మీద చుక్కలు. కుక్క గోటి రక్తం చూడటానికి చాలా అనిపిస్తుంది, ప్రాణం మీదికి రాదు. రక్తం ఆపే స్టిప్టిక్ పొడిని గోటి మొనకు అద్ది, కదపకుండా ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. పొడి లేకపోతే మొక్కజొన్న పిండి, లేదా శుభ్రమైన గుడ్డతో ఒత్తిడి. మాటిమాటికీ తీసి చూస్తే గడ్డకట్టింది మళ్లీ ఊడుతుంది. ఆ రోజుకు ఇక గోళ్లు లేవు, కొద్ది గంటలు పరుగులు లేవు. వాళ్లు అలాగే చేశారు, ఆగింది.

ఇరవై నిమిషాలు నొక్కినా ఆగకపోతే ఆసుపత్రికి రావాలి. డాబర్‌మన్ పెంచేవాళ్లు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి. ఆ జాతిలో వాన్ విల్లీబ్రాండ్ వ్యాధి, అంటే రక్తం సరిగా గడ్డకట్టని వంశపారంపర్య లోపం, ఎక్కువ. అది ఉందన్న సంగతి మొదట బయటపడేది ఇలాంటి చిన్న గోటి గాయంతోనే కావచ్చు. డాబర్‌మన్‌కు ఇంట్లో గోళ్లు తీయడం మొదలుపెట్టేముందు ఆ పరీక్ష చేయించమంటాను.

బ్రూనో మరుసటి వారం పీట దగ్గరికి వచ్చింది కానీ క్లిప్పర్ చూసి గడ్డం ఎత్తింది. రెండు మెట్లు వెనక్కి వెళ్లి, క్లిప్పర్ చూపి ముక్క ఇవ్వడం దగ్గర మళ్లీ మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లో పూర్వస్థితికి వచ్చింది. ఏళ్ల తరబడి పోగైన భయం ఉన్న కుక్క ఒక నొప్పిని ఇంత త్వరగా మరచిపోవడానికి కారణం, గడ్డం ఎత్తినప్పుడు వాళ్లు మాట తప్పకుండా ఆపడమే.

గ్రూమర్‌తో కొత్త ఒప్పందం

స్నానం, లోపలి బొచ్చు దువ్వడం ఇంట్లో కుదరని పనులు. దానికి గ్రూమర్ కావాలి. పాత గ్రూమర్‌నే పలకరించమన్నాను. సరైన సమయంలో ఆపగలిగిన మనిషిని వదులుకోకూడదు. ఎక్స్‌రే సంగతి చెప్పగానే ఆయనే కొన్ని మార్పులు సూచించారట. రోజులో మొదటి కుక్కగా తీసుకోవడం, బల్లకు బదులు నేల మీద పరుపు, మెడకు ఉచ్చు లేకపోవడం, ఇంటి మనిషి పక్కన ఉండటం. స్నానం రోజున గోళ్లు ముట్టుకోవద్దని నేను చేర్చాను. నీళ్లు, డ్రైయర్ మోత, ఆపైన గోళ్లు, ఇలా ఒకదానిపై ఒకటి పేరిస్తే ఓర్చుకునే కుక్క కూడా చివర్లో తెగిస్తుంది. ఇంట్లో కష్టమైన డ్యూక్లాలు మాత్రం ఆయన వేరే రోజు, రెండు నిమిషాల పనిగా చూస్తున్నారు.

చాలాచోట్ల గ్రూమింగ్‌కు తప్పనిసరి లైసెన్సు అనేదేమీ లేదు. కనుక పెద్ద కుక్కను అప్పగించేవాళ్లు అడిగి తెలుసుకోవాలి: కుక్క వద్దంటే ఏం చేస్తారు? నేను పక్కన ఉండొచ్చా? పని సగంలో ఆపిన సందర్భాలున్నాయా? "మా దగ్గర ఏ కుక్కకైనా అన్ని గోళ్లూ తీసే పంపుతాం" అన్న జవాబు వస్తే ఆ గుమ్మం దిగి వచ్చేయమంటాను. క్విక్ తెగితే యజమానికి చెబుతారా అన్నదీ అడగాలి. కరవకుండా మూతికి తొడిగే మజిల్ వాడతారా అంటే, వాడటం తప్పు కాదు. వగర్చడానికీ, తినడానికీ వీలున్న బుట్ట మజిల్‌ను ఇంట్లోనే ముందుగా అలవాటు చేస్తే అది అందరికీ రక్షణ. నోటిని కట్టేసే గుడ్డ పట్టీతో ఎక్కువసేపు ఉంచడం మాత్రం వద్దు, కుక్క వగర్చలేక వేడెక్కుతుంది.

ఇప్పటి స్థితి

నాలుగు నెలలు దాటాయి. బ్రూనో బరువు 37 కిలోలు. ముందుకాళ్ల గోళ్లు నేలను వదిలాయి, గచ్చు మీద టకటక ఆగిపోయింది, విచ్చుకున్న వేళ్లు దగ్గరికి వచ్చాయి. నడక మెరుగైంది. ఈ మెరుగుదలలో గోళ్ల వాటా ఎంత, మందు వాటా ఎంత, తగ్గిన బరువు వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. మూడూ ఒకేసారి నడిచాయి. కుడి, ఎడమ వెనక గోళ్ల మధ్య తేడా మాత్రం సగానికి తగ్గింది. కత్తిరింపుతో పాటు, ఆ కాలిని కుక్క మళ్లీ వాడుతోంది కాబట్టి కొంత అరుగుదలా ఉంది. మందు మోతాదు మార్చేటప్పుడు నేను ఇప్పుడు ఆ గోళ్ల అరుగుదలనూ చూస్తున్నాను.

ఎడమ వెనక కాలికి ఒక విడతలో రెండు గోళ్లకు మించి బ్రూనో ఒప్పుకోదు. మూడోదానికి గడ్డం లేస్తుంది. అందుకని ఆ కాలిని వారానికి రెండుసార్లుగా పంచుకున్నారు. బయటివైపు చివరి వేలు ఇంకా కొంచెం పొడుగే. దాని క్విక్ వెనక్కి జరగడానికి మరో రెండు నెలలు పట్టవచ్చని చెప్పాను. చలి రోజుల్లో కీలు పట్టేసినప్పుడు ఆ కాలిని పూర్తిగా వదిలేసి, మందు కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు ఇక్కడి పరుపు మీద తల్లి చేతే తీయిస్తున్నాం.

మత్తు ఆ ఒక్కసారి తప్ప మళ్లీ అవసరం పడలేదు.